బుధవారం దూది ఏకని దుకాణం

ఇకామాలో ఉన్న పని, నేను చేసిన పని

నా ఇకామా మీద, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు మీద, నా వృత్తి 'సరుకులు ఎత్తే దించే కూలీ' అని ఉంది. సౌదీలో దిగినప్పుడు అదే, ఈ నెలాఖరున ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళిపోయేటప్పుడూ అదే. మార్పించమని నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ, మారిస్తే నీకేమొస్తుంది అన్నారు. ఏమీ రాదు. ఉన్నది ఉన్నట్టు రాయమనడానికి ఏదో రావాలని నాకు తెలియదు.

మొదట్లో ఆ మాట నిజమే. తబూక్ తోటల్లో మూడేళ్ళు, రాస్ తనూరాలో ఒక కాంట్రాక్టరు స్టోరులో ఐదేళ్ళు సరుకులు ఎత్తాను, దించాను. ఆ తర్వాత జెద్దాలో, బలద్ అనే పాతబస్తీ సందుల్లో, పంపుల విడిభాగాలు అమ్మే దుకాణంలో ఇరవై ఎనిమిదేళ్ళు పాత డైరెక్టరీలు చదివాను. జీతం కూలీదే.

డైరెక్టరీ అంటే ఫోన్ నంబర్ల పుస్తకం అనుకునేవాళ్ళు ఉంటారు. నేను చెప్పేది వ్యాపార డైరెక్టరీ. ఏ ఊళ్ళో ఎవరు ఏ సరుకు చేస్తారు, ఎవరు అమ్ముతారు, ఎవరి బస్తా మీద ఏ గుర్తు ఉంటుంది, ఇవన్నీ జిల్లాలవారీగా అచ్చేసిన లావు పుస్తకం. మా యజమాని అబూ తలాల్ తండ్రి బొంబాయి నుంచి, మద్రాసు నుంచి, లండన్ నుంచి సరుకు తెప్పించేవాడట. ఆయన కొన్న డైరెక్టరీలు అరవై దాకా స్టోరు పైఅరల మీద పడి ఉండేవి. ఎలుకల తర్వాత వాటిని పూర్తిగా చదివింది నేనే.

ఈ మధ్య మనవాళ్ళు కొందరు ఇక్కడ కొత్త పని ఒకటి మొదలుపెట్టారు. తాతది హిందుస్తాన్ అని తెలుసు తప్ప ఏ ఊరో తెలియని కుటుంబాలు బలద్‌లో చాలా ఉన్నాయి. వాళ్ళ పూర్వీకుల ఊరు వెతికిపెట్టడం ఈ పని. మంచి పనే. వీళ్ళు ఫోన్‌లో నొక్కి చూస్తారు, దొరకలేదంటారు, నా దగ్గరికొచ్చి ఎట్ల కాకా అంటారు. నోటితో చెబుతుంటే ఫోన్ చూసుకుంటూ వింటారు. అందుకని రాస్తున్నాను. నేను చదివింది ఏడో తరగతి. తప్పులుంటే దిద్దుకోండి, విషయం మాత్రం వదలొద్దు.

అబూ తలాల్, గఫార్ సాబ్

నాకు పని నేర్పింది అబూ తలాల్. నేర్పాలని నేర్పలేదు. తబూక్ నుంచి ఒక రైతు తుప్పుపట్టిన పంపు చక్రం తెచ్చాడు. అలాంటిదే కావాలన్నాడు. దాని మీద ఒక ఏనుగు బొమ్మ తప్ప మరేమీ లేదు. అబూ తలాల్ పైఅర వైపు చెయ్యి చూపించి, "నర్సా, దీన్ని చేసినవాణ్ణి పట్టుకురా" అని టీ తాగడానికి వెళ్ళాడు.

నాకు అప్పటికి ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. పదకొండు రోజులు వెతికాను. ఏనుగు దొరికింది. దొరికిన కంపెనీకి ఉత్తరం రాశాం. ఆ కంపెనీ మూతపడి తరం గడిచిందని పక్క ఫ్యాక్టరీవాడు జవాబిచ్చాడు. డైరెక్టరీ అచ్చేసేవాళ్ళు చచ్చినవాళ్ళ పేర్లు తీసెయ్యరు. పాత పుస్తకంలో ఉన్నది కొత్త పుస్తకంలోకి అలాగే ఎక్కిస్తారు. ఒక మనిషి పేరు డైరెక్టరీలో ఉందంటే అతను ఒకప్పుడు ఉన్నాడని అర్థం, పుస్తకం అచ్చయిన ఏడాది ఉన్నాడని కాదు. నాకు పదకొండు రోజులు పట్టిన సంగతి మీకు ఒక్క ముక్కలో చెప్పాను.

ఇంకొకటి. ఆ పుస్తకాల్లోకి బీదవాళ్ళు రారు. పేరు వేయించుకునే స్తోమత ఉన్నవాళ్ళే వస్తారు. ఎక్కడైనా బీదవాడి పేరు కనిపిస్తే, పక్కనున్న గొప్పవాడు తన పేజీ నింపుకోవడానికి వేయించాడని అనుమానించాలి.

గఫార్ సాబ్ మా మేనేజరు. హైదరాబాద్ మనిషి. ఇస్త్రీ చొక్కా, మూడు పెన్నులు. దుకాణంలోకి కంప్యూటరు వచ్చిన వారం ఆయన డైరెక్టరీలన్నీ చెత్తబండికి ఎత్తించబోయాడు.

"నర్సయ్యా, యే కచ్‌రా కాయ్‌కు?" అన్నాడు.

"దాంట్ల ఉన్నది దీంట్ల లేదు సాబ్," అన్నాను కంప్యూటరు చూపించి.

"దునియా మొత్తం ఇందులో ఉంది."

"ఏనుగు చక్రం చూపెట్టున్రి మరి."

ఆయన ఒక పూట కొట్టుకున్నాడు. అడవి ఏనుగులు వచ్చాయి, సర్కస్ ఏనుగులు వచ్చాయి. పుస్తకాలు మిగిలాయి. ఆయన నన్ను క్షమించలేదు. నేనూ ఆయన్ని క్షమించలేదు. పక్కపక్క బల్లల మీద పందొమ్మిదేళ్ళు అన్నం తిన్నాం.

ఇంగ్లీషు నేను ఈ పుస్తకాల్లోనే నేర్చుకున్నాను. అందుకే నా ఇంగ్లీషు ఒక రకంగా ఉంటుంది. అందులో పేర్లుంటాయి, సరుకులుంటాయి, ఊళ్ళుంటాయి, వాక్యాలు ఉండవు. వాక్యాలున్న పేజీ కనబడితే తిప్పేసేవాణ్ణి. దీని వల్ల జరిగిన నష్టం ముందుముందు చెబుతాను.

యాసీన్ దుకాణం

మా దుకాణానికి నాలుగు సందుల అవతల షేక్ యాసీన్ పరుపుల దుకాణం ఉంది. యాసీన్ ఇక్కడే పుట్టిన సౌదీ. అప్పటికి డెబ్బై దాటాయి. స్పాంజి పరుపుల ముందు ఎవరు నిలబడతారని కొడుకులు పోరుతున్నా, ఒక మూల దూది పరుపులు కుట్టిస్తూనే ఉండేవాడు. దుకాణం గోడకు మనిషి కంటే పొడుగున్న ఒక కర్రవిల్లు వేలాడేది. నేను చూడగానే గుర్తుపట్టాను. దూది ఏకే విల్లు. మా వైపు దూదేకులవాళ్ళు దాన్ని భుజాన వేసుకుని వాడల్లో తిరిగేవాళ్ళు. విల్లు నరం మీద కొయ్యతో కొడితే టుయ్ టుయ్‌మని మోగేది, దూది పొగలా లేచేది.

నడుం నొప్పికి దూది పరుపు కుట్టించుకుందామని వెళ్ళాను. అది బుధవారం.

"రేపు రా," అన్నాడు యాసీన్ అరబ్బీలో. "బుధవారం దూది ముట్టం."

"ఎందుకు?"

"మా నాన్న ముట్టేవాడు కాదు."

"ఆయనెందుకు ముట్టేవాడు కాదు?"

"ఆయన్ని అడగలేదు."

ఇది వినడానికి ఏమీ లేని మాట. నేనూ ఏమీ లేదనుకున్నాను. మీరు అనుకోకండి.

మర్నాడు వెళ్ళాను. గడప దగ్గర చెప్పులు విప్పుతుంటే ముసలాయన లోపలి నుంచి, "రా, కుచ్చో. తింటివా?" అన్నాడు.

నేను చెప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తలకు ఎర్ర గళ్ళ గుత్రా కట్టుకున్న సౌదీ మనిషి నన్ను రాయలసీమ తెలుగులో అన్నం తిన్నావా అని అడిగాడు. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, ఆయనకు అది నేర్చుకునే భాష అని కూడా తెలియదు. తండ్రి ఇంట్లో అనే మాటలు అవి. మొత్తం మూడు. రా, కుచ్చో, తింటివా. తింటివా అంటే తింటి అని చెప్పాలి, లేకపోతే పళ్ళెం పెట్టేవాడు. అవి తండ్రి సొంతంగా కల్పించుకున్న ముద్దు మాటలని యాసీన్ చిన్నప్పటి నుంచి అనుకుంటున్నాడు. ఒకసారి మా గఫార్ సాబ్‌ను అడిగాడట. ఉర్దూ కాదు, ఏదో అడవి భాష అన్నాడట గఫార్ సాబ్. ఆయన పుట్టి పెరిగిన ఊళ్ళో సగం మంది మాట్లాడే భాష అది.

"ఇది నా భాష," అన్నాను. "మీ నాన్నది మా దేశం. మా జిల్లా కాదు, ఇంకా కిందికి."

యాసీన్ ఆ రోజు పరుపు సంగతి ఎత్తలేదు. కాసేపటికి అసలు సంగతి చెప్పాడు. తండ్రి పేరు దస్తగిరి. ఓడ మీద హజ్‌కు వచ్చి తిరిగి వెళ్ళలేదు. ఇక్కడ ఇంకో పెళ్ళి చేసుకున్నాడు, యాసీన్ పుట్టాడు. చనిపోయే ముందు ఒక్క మాట చెప్పాడు. ఊళ్ళో భార్యనూ, పాలు తాగే ఆడపిల్లనూ వదిలేసి వచ్చానని. పిల్ల పేరు హుసేనమ్మ. ఊరి పేరు చెప్పేలోపు మాట పడిపోయింది.

"నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది," అన్నాడు యాసీన్. "బతికి ఉంటే ఆమెకు ఒకటి చెప్పాలి. మా నాన్న నా పళ్ళెంలో పెట్టిన ప్రతి ముద్దా ముందు ఆమెది. అది తెలిసే తిన్నానని కాదు. తెలిసిన తర్వాత కూడా ఊరుకున్నానని చెప్పాలి. నువ్వు పంపులు చేసినవాళ్ళను పట్టుకొస్తావట కదా."

ఆదోనిలో ఒక సంవత్సరం

విల్లుకు ఒక కొసన గోనెగుడ్డ చుట్టి ఉంది, చెయ్యి జారకుండా. విప్పితే లోపల నల్లసిరాతో అచ్చు. నలుపలకల గీత మధ్య చేప బొమ్మ. పత్తి బేళ్ళ మీద వేసే గుర్తు అది.

మద్రాసు డైరెక్టరీ దించాను. సీమ కదా అని కర్నూలు జిల్లా, కడప జిల్లా రెండు వారాలు వెతికాను. లేదు. తర్వాత తెలిసింది, ఆ కాలానికి కర్నూలు జిల్లా పడమటి భాగం బళ్ళారిలో ఉండేదని. ఇప్పటి జిల్లా పటం పెట్టుకుని పాత పుస్తకంలో వెతకొద్దు. బళ్ళారి జిల్లాలో, ఆదోని కింద, పత్తి ఏజెంటు ఒకడి పూర్తి పేజీ ప్రకటన ఉంది. పైన చేప. కింద అతని దగ్గర పనిచేసేవాళ్ళ జాబితా. బేళ్ళు కట్టేవాళ్ళు, బండ్లవాళ్ళు, చిట్టచివర 'దూది ఏకుట, పరుపులు: దస్తగిరి'. ఏజెంటు తన పేజీ నింపుకోవడానికి వేయించిన పేరే. ఏదైతేనేం, పేరు దొరికింది.

నేను పుస్తకం చంకలో పెట్టుకుని మధ్యాహ్నం ఎండలో నాలుగు సందులూ నడిచి వెళ్ళి, "ఆదోని" అన్నాను. యాసీన్ ఆ మాటను పదిసార్లు పలికి చూసుకున్నాడు.

నంద్యాల నుంచి వచ్చిన మహబూబ్ బాషా అని డ్రైవరు ఉన్నాడు, నాకు తెలిసినవాడు. అతని బామ్మర్ది కర్నూల్లో ఉంటాడు. అతన్ని ఆదోని పంపించాం. మొదటిసారి వెళ్ళొచ్చాక మహబూబ్‌కు ఫోన్ చేశాడు. మహబూబ్ నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"అన్నా, ఆదోనిలో దూదేకులోళ్ళు ఒకరిద్దరనుకుంటివా? వీధులకు వీధులే. దస్తగిరి అంటే నలుగురు పలికినారంట."

"ముసలి దస్తగిరి కొడుకులు, మనుమలు?"

"యా ముసలి దస్తగిరి? ప్రతి ఇంట్లో ఒక ముసలి దస్తగిరి ఉండాడు."

ఏడాదిలో ఆ బామ్మర్ది ఆదోనికి నాలుగుసార్లు వెళ్ళాడు. మూడోసారి ఒక కుటుంబం దొరికింది. తాత పేరు దస్తగిరి, హజ్‌కు వెళ్ళాడు, విల్లు ఉండేది. ఫొటోలు వచ్చాయి. యాసీన్ ఆ ఫొటోలను కళ్ళకు అద్దుకున్నాడు. వీళ్ళే, సందేహం లేదు అన్నాను నేను. పది రోజుల తర్వాత తేలింది, వాళ్ళ తాత హజ్‌కు వెళ్ళి తిరిగొచ్చి, ఆదోనిలోనే నలభై ఏళ్ళు బతికాడని. నేను అడగాల్సిన మొదటి ప్రశ్న అది. యాసీన్ నన్ను కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. తిట్టి ఉంటే ఆ టీ దిగేది.

నేను ఊరుకోకుండా ఆదోని మీద కోపం తెచ్చుకున్నాను. డైరెక్టరీలో ఉన్న మనిషి ఊళ్ళో ఎందుకు లేడు? పుస్తకం తప్పా, ఊరు తప్పా? మూడోది ఒకటి ఉంటుందని నాకు తట్టలేదు.

చదవని పేజీ

మా గదిలో పదకొండు మందిమి ఉండేవాళ్ళం. కొత్తగా లింగన్న అని ఒక మేస్త్రీ వచ్చాడు. నలభై దాటినవాడు. మొదటి శుక్రవారం అన్నాల దగ్గర పలకరించాడు.

"కాకా, మీదే ఊరు?"

"మెట్‌పల్లి," అన్నాను.

"అరె, మాది గూడ మెట్‌పల్లే. మీది ఏ గల్లీ?"

"గల్లీ అంటే... మెట్‌పల్లిల గాదు. ఆడ బస్సు దిగి ఏడు మైళ్ళు లోపటికి వోవాలె."

"మరి గట్ల జెప్పాలె గద."

"నీది ఏ గల్లీ మరి?"

లింగన్న చారు పోసుకున్నాడు. "నాది గూడ మెట్‌పల్లి గాదు. ఆడికెల్లి తొమ్మిది మైళ్ళు. ఊరి పేరు జెప్తే ఎవనికి ఎరుక?"

అందరూ నవ్వారు. నేను వరసగా అడిగాను. ఆర్మూరు అనేవాడిది ఆర్మూరు కాదు. సిరిసిల్ల అనేవాడిది సిరిసిల్ల కాదు. పదకొండు మందిలో సొంత ఊరి పేరు చెప్పుకుంటున్నవాడు ఒక్కడూ లేడు. అందరం బస్సు దిగే ఊరి పేరు చెబుతున్నాం. ముప్పై ఏళ్ళకు పైగా నేనూ అదే చెప్పాను. పాస్‌పోర్టు ఏజెంటుకు అదే, వీసా ఇచ్చిన కఫీల్‌కు అదే.

అన్నం సగంలో లేచాను. "కాకకు కోపం వచ్చింది" అంటున్నారు వెనక. దుకాణం తెరిపించి మద్రాసు డైరెక్టరీ దించాను. ఈసారి మొదటి పేజీ నుంచి చదివాను. నేను ఎప్పుడూ తిప్పేసే పేజీ. ముందుమాట. అంతా వాక్యాలు. ఒక్కో మాటకు నిఘంటువు చూసుకుంటూ మధ్యాహ్నమంతా కూర్చున్నాను. రెండో పేరాలో ఉంది. సొంత రైలు స్టేషను లేని గ్రామాల వర్తకులను, పనివారిని, వారి సరుకు ఏ స్టేషను నుంచి పోతుందో ఆ స్టేషను పేరు కింద చూపడమైనది.

దస్తగిరి ఆదోని మనిషి కాదు. ఆదోనిలో రైలెక్కిన దూది తాలూకు మనిషి. ఆ వాక్యం ఇరవై ఏళ్ళకు పైగా నా చేతుల్లోనే ఉంది. కంప్యూటరు నమ్మిన గఫార్ సాబ్‌ను చదవనివాడని పది మందిలో అన్న మనిషిని నేను.

మర్నాడు యాసీన్‌కు వెళ్ళి చెప్పాను. పుస్తకం తప్పు కాదు, ఆదోని తప్పు కాదు, తప్పు నాది అన్నాను. ఏడాది పోయిందన్నాను.

ఆయన, "ఇప్పుడు ఏం చేయాలి?" అన్నాడు.

ఆదోనికి బండి దూరంలో ఊళ్ళు చాలా ఉంటాయి. ఊరి పేరు అడగొద్దు, బతుకు అడగాలి అని అప్పటికి నాకు బుద్ధి వచ్చింది. మీ నాన్న ఏం చేసేవాడు, ఏం చేసేవాడు కాదు అని అడుగుతూ పోయాను. ఏం చేసేవాడు కాదు అనగానే నాకే గుర్తొచ్చింది.

"బుధవారం," అన్నాను.

బుధవారం అరబ్బుల దగ్గర సెలవు కాదు. ముసల్మానులకు అది పండగ రోజూ కాదు. పల్లెటూరి దూదేకులవాడు దూది ఏకని రోజు ఒక్కటే ఉంటుంది. వారం సంత. ఆ రోజు అతను ఇంటి దగ్గర ఏకడు. ఏకిన దూది, కుట్టిన బొంతలు తలకెత్తుకుని సంతలో కూర్చుంటాడు. సంత లేని దేశానికి వచ్చినా ఆ మనిషి చేతులు బుధవారం లేవలేదు. కొడుకు కూడా కారణం తెలియకుండా అదే పాటించాడు. మొదటి రోజే నా చేతికిచ్చిన ఆనవాలు అది. నేను పరుపు రేపు ఇస్తాడని మాత్రమే విన్నాను.

మహబూబ్ సెలవు మీద ఇంటికి వెళ్తున్నాడు. ఆదోనికి బండి దూరంలో బుధవారం సంత జరిగే ఊళ్ళన్నీ చూడమన్నాను. మూడే ఉన్నాయట. రెండో ఊళ్ళో, మజీదు వెనక రెండో ఇల్లు, హజ్‌కు పోయి తిరిగిరాని దస్తగిరిది.

హుసేనమ్మ

మహబూబ్ ఆ ఇంటి నుంచే ఫోన్ చేశాడు. యాసీన్ దుకాణంలో ఫోన్ మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. తెరలో ఒక ముసలామె కనిపించింది, నులకమంచం మీద. ఆమె మమ్మల్ని చూడటం లేదు, పక్కకు చూస్తోంది.

"ఇట్ల సూడవ్వా," అన్నాడు మహబూబ్.

"ఏం సూడాల? పోయినేడు దాకా చూపుండె నాయినా. ఇప్పుడు మసక గూడా లేదు. ఎవురో చెప్పు."

పోయినేడు మేం ఆదోనిలో వీధులు తిరుగుతున్నాం. ఈ మాట నేను యాసీన్‌కు అరబ్బీలో చెప్పాను. ఏదీ వదలకుండా చెప్పాను. ఆ ఏడాది ఎవరి వల్ల పోయిందో ఆయనకు తెలుసు.

మహబూబ్ ఆమెకు సంగతంతా వివరించాడు. యాసీన్ తను చెప్పాలనుకున్న ముద్దల మాట చెప్పాడు. నేను తెలుగులో అన్నాను. ఆమె విన్నది. తర్వాత అడిగింది.

"విల్లు యాడుంది?"

"ఏ విల్లమ్మా?" అన్నాను.

"మా నాయిన పోతా పోతా ఎత్తకపోయిన విల్లు. అది ఆయిప్పది గాదు. మా అమ్మకు వాళ్ళ నాయిన చేసిచ్చింది. అది ఉంటే మా అమ్మ ఇంట్లో కుచ్చోని దూది ఏకుతుండె. లేక కూలికి పాయ. కూలికి పొయ్యి పొయ్యి సచ్చిపాయ. విల్లు ఉండాదా, అమ్ముకున్యారా? అడుగు."

అడిగాను. యాసీన్ తల ఎత్తి గోడ వైపు చూశాడు.

"ఉంది," అన్నాడు.

"ఉంటే పంపమను. మాటలు తర్వాత," అంది. ఫోన్ పెట్టేయమని పక్కకు చెప్పింది.

ఆ తర్వాత రెండు వారాలు యాసీన్ నన్ను పిలవలేదు. బలద్‌లో ఇప్పుడు పాత వస్తువులకు గిరాకీ. ఆ విల్లును గాజుపెట్టెలో పెట్టి దుకాణం పేరే 'విల్లు' అని మారుద్దామని పెద్దకొడుకు పథకం. ఫొటో పంపితే చాలదా అన్నాడు అతను. అలాంటిదే ఇంకొకటి కొని పంపితే, కళ్ళు లేని మనిషికి తేడా తెలుస్తుందా అని కూడా అన్నాడు. పిలవకపోయినా వెళ్ళి, ఆ మాటలప్పుడు నేను అక్కడే ఉన్నాను. నోరు మూసుకున్నాను. నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో అది ఒకటి.

యాసీన్ విల్లును బుధవారం దించాడు. తండ్రి గుర్తు అంటూ ఆయన దగ్గరున్న వస్తువు అదొక్కటే. మూడు నూలు దుప్పట్లలో తనే చుట్టాడు. పెద్దకొడుకును పట్టుకోమన్నాడు. అతను పట్టుకున్నాడు.

కార్గో దుకాణానికి నేనే తీసుకెళ్ళాను. కౌంటరులో ఉన్నది గోదావరి జిల్లా మనిషి. మర్యాదస్తుడు.

"ఏవండీ, ఇందులో ఏముందండీ?"

"దూది ఏకే విల్లు."

"ఆయుధమాండీ?"

"కాదు. దూది కొట్టేది."

"చెక్క సామాను అని రాస్తానండీ. ఏ ఊరండీ?"

ఊరి పేరు చెప్పాను. ఆయన టైపు చేసి తల అడ్డంగా ఊపాడు.

"సిస్టంలో ఆ ఊరు రావట్లేదండీ. దగ్గర్లో పెద్ద ఊరు... ఆదోని పెట్టేస్తానండీ."

"పెట్టొద్దు."

"మామూలుగా అందరికీ అలాగే పెడతామండీ. అక్కడికెళ్ళాక ఫోన్ చేస్తారు."

"ఆమెకు ఫోన్ లేదు. ఆదోని పెట్టొద్దు."

"మరెలాగండీ?"

"చేత్తో రాయి. పెట్టె మీద రాయి, రసీదు మీద రాయి. రాసేదాకా ఇక్కడే ఉంటా."

వెనక తొమ్మిది మంది నిలబడి ఉన్నారు. ఆయన నల్ల మార్కర్ తీసి నాలుగు వైపులా రాశాడు. నేను చుట్టూ తిరిగి నాలుగూ చదివాను.

నలభై రోజుల తర్వాత ఆమె కోడలు పక్కింటివాళ్ళ ఫోన్ నుంచి యాసీన్‌ను పిలిచింది. కబురు రాగానే ఆయన దుకాణంలోకి పరుగెత్తాను. యాసీన్ అప్పటికే ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. నేను వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదట. ఫోన్ బల్ల మీద పెట్టించాను. విల్లు ఆమె ఒడిలో అడ్డంగా ఉంది, రెండు కొసలూ తెరలో కనిపించడం లేదు. వేళ్ళతో గోనెగుడ్డ తడుముతోంది.

"నరం తెగిపోయిండాది," అంది. "ఇన్నేండ్లు ఇట్లనే యాలాడగట్టినారా? నరం కట్టుకునే తెలివి గూడా లేదా మీకు?"

తెలుగులో తిట్టు అరబ్బీలో అదే బరువుతో చెప్పడానికి నాకు కొంచెం టైము పట్టింది. యాసీన్ తల దించుకుని విన్నాడు. తప్పే అన్నాడు. ఆమెకు చెప్పాను.

కోడలు ఫోన్ కట్ చేయబోయింది. ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది. ఫోన్ ఎటు ఉందో తడుముకుని, అటు తిరిగి అడిగింది.

"తింటివా?"

నేను నోరు తెరిచేలోపు యాసీన్ అన్నాడు.

"తింటి."

ఇక నాకు పని లేదు. బల్ల అవతలికి వెళ్ళి కూర్చుని టీ తాగాను.